ఎముక స్లైడును చదవడం ఎలా?

ఎముక స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టగానే కణాల పేర్లు వెతకడం మొదలుపెట్టకండి. ముందు ఆ స్లైడును ఎలా తయారుచేశారో తేల్చుకోవాలి. ఎండిన ఎముకను అరగదీసి చేశారా, లేక ఆమ్లంలో నానబెట్టి కాల్షియం తీసేశాక కోశారా? మొదటి రకంలో ఖనిజం నిలుస్తుంది, కణం ఒక్కటీ మిగలదు. రెండో రకంలో కణాలుంటాయి, ఖనిజం పోతుంది. ఈ తేడా గుర్తులేకపోతే ఖాళీ గుంటనే కణమని రాసేస్తారు.

అరగదీసిన స్లైడు రంగులు వేయకుండానే కనిపిస్తుంది. ఎండిన ఎముక నుంచి రంపంతో పలచని బిళ్ల కోసి, నీళ్లు చల్లుతూ కార్బొరండం కాగితం మీద 50 నుంచి 100 మైక్రాన్ల మందం వచ్చేదాకా రుద్దుతారు. కణాలు ఉండిన గుంటలు, అంటే లాక్యునాలు, వాటి నుంచి బయల్దేరే వెంట్రుక లాంటి కెనాలిక్యులై నల్లగా కనిపించేది వాటిలో గాలి, అరగదీసిన పొడి చిక్కుకోవడం వల్లే. అందుకే కవర్‌స్లిప్ అంటించే బాల్సమ్ చిక్కగా ఉండాలి. పలచగా ఉంటే అది కాలువల్లోకి దిగి గాలిని తరిమేస్తుంది, సన్నని గీతలన్నీ మాయమవుతాయి. స్లైడు బాగా చేసినా కెనాలిక్యులై కనిపించకపోతే స్లైడు మీదికి కాంతిని చేర్చే కండెన్సర్‌ను కొంచెం కిందికి దించి, కాంతిని తగ్గించే డయాఫ్రమ్‌ను కొంత మూయండి. రంగు లేని వస్తువును కాంతి ఎక్కువైతే చూడలేం.

4 రెట్ల ఆబ్జెక్టివ్‌తో మొత్తం తిప్పి చూడండి. బయటి అంచున ఎముక చుట్టూ సమాంతరంగా సాగే పొరలు, లోపల మజ్జ వైపు అలాంటివే మరికొన్ని, మధ్యలో గుండ్రటి ఆస్టియాన్లు, అంటే కాలువ చుట్టూ వలయాలుగా పేరుకున్న ఎముక. 10కి మారి ఒక ఆస్టియాన్ దగ్గర ఆగండి. దాని వ్యాసం సుమారు 200 మైక్రాన్లు. నడుమ రక్తనాళం వెళ్లే హావర్షియన్ కాలువ, చుట్టూ 3 నుంచి 7 మైక్రాన్ల మందం ఉన్న ఎముక పొరలు, అంటే లామెల్లాలు, వాటి మధ్య వరసగా లాక్యునాలు. కాలువ అడ్డంగా సాగుతూ, చుట్టూ వలయాలు లేకుండా లామెల్లాలను కోసుకుంటూ పోతే అది వోల్క్‌మన్ కాలువ.

ఇక్కడ కాస్త సమయం వెచ్చించండి, ఎముక వయసు వరస ఈ చిత్రంలోనే ఉంది. ప్రతి ఆస్టియాన్ అంచునా సన్నని సిమెంట్ గీత ఉంటుంది, కెనాలిక్యులైలో ఎక్కువ భాగం ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఆస్టియాన్లలో ఏది పాతదో చెప్పాలంటే ఆ గీతను అనుసరించండి. వలయం పూర్తిగా ఉన్నది కొత్తది, ఒక పక్క కొరికినట్టు తెగిపోయినది పాతది. రెండు ఆస్టియాన్ల మధ్య ఇరుక్కున్న, కాలువ లేని లామెల్లాల ముక్కలు అంతకుముందు తరం ఆస్టియాన్ల శేషాలు. ఖనిజం చేరి గట్టిపడిన ఎముకలో పోషకాలు నేరుగా ఊరలేవు, ఉన్న దారి కెనాలిక్యులై ఒక్కటే. అందుకే కణాలు రక్తనాళానికి ఇంత దగ్గరగా వరస కడతాయి. స్పంజిక ఎముకలోని ట్రాబెక్యులాలు, అంటే వలలా అల్లుకున్న సన్నని ఎముక కమ్మీలు, పలచగా ఉండి, పక్కనున్న మజ్జ నుంచే పోషణ పొందుతాయి కాబట్టి వాటిలో సాధారణంగా ఆస్టియాన్లు కనిపించవు.

కణాలు చూడాలంటే కాల్షియం తీసిన స్లైడు కావాలి. చూపు ఎంత పదునుగా ఉన్నా, ఆ తయారీ సరిగా లేకపోతే ఉపయోగం లేదు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ముక్కను ముందు 10 శాతం ఫార్మలిన్‌లో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. ఈ దశ దాటవేస్తే ఆమ్లం కణజాలాన్నే పాడుచేస్తుంది. తర్వాత 10 శాతం ఫార్మిక్ ఆమ్లం, ముక్క పరిమాణానికి కనీసం 20 రెట్లు. ముక్క అడుగున కూర్చోకుండా దారంతో వేలాడదీసి, రోజూ ద్రావణం మార్చాలి. నైట్రిక్ ఆమ్లం త్వరగా పని ముగిస్తుంది కానీ కేంద్రకాలను త్వరగానే చెడగొడుతుంది. కాల్షియంను పట్టి లాగే రసాయనం ఈడీటీఏకు వారాలు పడుతుంది, అయితే కణాలను అన్నిటికంటే బాగా కాపాడుతుంది. పని పూర్తయిందా లేదా అని సూదితో గుచ్చి చూడొద్దు, గుచ్చిన చోటల్లా ఆ రంధ్రాలే మిగులుతాయి. వాడిన ద్రావణాన్ని 5 మిల్లీలీటర్లు తీసి, అమ్మోనియాతో తటస్థం చేసి, అమ్మోనియం ఆక్సలేట్ కలపండి. తెల్లగా మసకబారితే కాల్షియం ఇంకా వస్తోందని అర్థం. ఎక్స్‌రే తీయగలిగితే అది మరింత నమ్మదగినది.

పని సగంలో ఆగితే కత్తి గీతలు, చిరుగులు పడతాయి. ఎక్కువైతే హెమటాక్సిలిన్ అనే నీలి రంగు కేంద్రకాలకు పట్టదు. ఈ రెండో లోపమే పెద్ద చిక్కు తెస్తుంది: లాక్యునాలు ఖాళీగా కనిపించి, ఎముక చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు పక్కనున్న మజ్జ కణాలను చూడండి. వాటి కేంద్రకాలూ వెలిసిపోయి ఉంటే తప్పు ఆమ్లానిదే అయ్యుండొచ్చు. మజ్జ కేంద్రకాలు ముదురు నీలంగా ఉండి లాక్యునాలు మాత్రమే ఖాళీగా ఉంటే, నిజంగా మృత ఎముకేమో ఆలోచించాలి. లాక్యునాలో ఉండే ఎముక కణం, అంటే ఆస్టియోసైట్, చుట్టూ కనిపించే తెల్లని ఖాళీ మాత్రం తయారీలో కణం కుంచించుకుపోవడం వల్ల వచ్చేదే.

కణాలను పేర్ల వరసలో కాదు, ఎముక అంచు వెంట వెళ్తూ వెతకండి. అంచు మూడు స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది. ఘనాకారపు కణాలు ఒకే వరసలో కూర్చుని, నీలి ఛాయ సైటోప్లాజం, ఎముకకు దూరంగా జరిగిన కేంద్రకం, దాని పక్కన గాల్జీ అనే కణాంగం వల్ల వచ్చే పాలిపోయిన మచ్చ కనిపిస్తే అవి ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు. వాటి కింద లేత గులాబీ చార ఇంకా గట్టిపడని ఆస్టియాయిడ్. అంచున గుంట పడి, అందులో అనేక కేంద్రకాలున్న పెద్ద గులాబీ కణం ఉంటే అది ఎముకను కొరికే ఆస్టియోక్లాస్ట్, ఆ గుంట పేరు హౌషిప్ లాక్యునా. చదునైన పలచటి కణాలు మాత్రమే ఉంటే అంచు విశ్రాంతిలో ఉన్నట్టు. ఆస్టియోక్లాస్ట్‌ను మజ్జలోని మరో పెద్ద కణం మెగాకేరియోసైట్‌తో కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. ఆస్టియోక్లాస్ట్ కేంద్రకాలు విడివిడిగా ఉంటాయి, కణం ఎముకకు ఆనుకుని ఉంటుంది. మెగాకేరియోసైట్‌ది తమ్మెలు తమ్మెలుగా ఉన్న ఒకే కేంద్రకం, అది మజ్జ మధ్యలో ఉంటుంది. ఒకే చోట కొరుకుడు రెండు మూడు వారాల్లో ముగిసినా, ఆ గుంట పూడడానికి నెలలు పడుతుంది. కాబట్టి స్లైడులో ఆస్టియోక్లాస్ట్‌లు తక్కువగా కనబడితే ఆందోళన అక్కర్లేదు.

ఇక పెరుగుదల. గట్టిపడిన ఎముక లోపలి నుంచి సాగలేదు. మందం ఎముకను కప్పే పెరియాస్టియం కింద పొర మీద పొర పడి పెరుగుతుంది, పొడవు ఎముక చివర దగ్గరుండే గ్రోత్ ప్లేట్‌లోని మృదులాస్థి వల్ల పెరుగుతుంది. గ్రోత్ ప్లేట్ స్లైడులో ముందు దిక్కు తెలుసుకోండి: చెల్లాచెదురుగా చిన్న కణాలున్న వైపు ఎపిఫిసిస్, అంటే ఎముక కొన. అక్కడి నుంచి ఎముక కాండం వైపు వస్తే, నాణేలు పేర్చినట్టు చదును కణాల వరసలు, తర్వాత ఉబ్బిన కణాలు, ఆపై కాల్షియం పట్టిన మాత్రిక (కణాల మధ్య పదార్థం), చివర కొత్త ఎముక. నీలి మృదులాస్థి గుజ్జు మీద గులాబీ ఎముక తొడుగు కనిపిస్తే అది అప్పుడే పుట్టిన ట్రాబెక్యులా. ఎముకలు మెత్తబడే రికెట్స్‌లో ఖనిజం చేరక ఉబ్బిన కణాల పొర మందమవుతుంది. పొట్టితనం కలిగించే ఏకాండ్రోప్లేసియాలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులోని మార్పు కణాల విభజనను అణచి వరసలను పొట్టిగా చేస్తుంది. అయితే వరసలు చెదిరి, కణాలు గుంపులుగా కనబడగానే రోగం పేరు రాయకండి. కోత ఏటవాలుగా పడినా అచ్చం అలాగే కనిపిస్తుంది. అదే బ్లాక్ నుంచి, కాండానికి సమాంతరంగా మరో కోత తీయించి చూడండి.