జెట్సన్ నానో మీద చౌరస్తా బండ్లను లైవ్‌ల ట్రాక్ చేసుడెట్ల

హన్మకొండ చౌరస్తాల మా దోస్తు షాపు మీద కెమెరా పెట్టి, జెట్సన్ నానో అనే ఎన్విడియా చిన్న కంప్యూటర్ బోర్డుతోని బండ్లు లెక్కపెడదామని కూసున్న, మోడల్ (ఫ్రేముల బండ్లను గుర్తుపట్టే ప్రోగ్రాం) మంచిగనే గుర్తుపడుతుంది గని స్క్రీన్ మీద కనవడే ఆటో నిజంగైతే ఎప్పుడో కాజీపేట దారి పట్టింది. అందుకే ముందు ఈ లేటు సంగతే చూడుండ్రి.

30 ఎఫ్‌పీఎస్ (సెకండుకు 30 ఫ్రేములు) కెమెరా అంటే ఫ్రేముకు 33 మిల్లీసెకండ్లే, మీ మోడల్‌కు అంతకంటే ఎక్కువ పడితే ఫ్రేములు క్యూల పేరుకుపోయి లేటు పెరుగుకుంటనే పోతది. కెమెరా వీడియోను నడిపే జీస్ట్రీమర్ సాఫ్ట్‌వేర్‌ల, ఫ్రేములను మన ప్రోగ్రాంకు అందించే ఆప్‌సింక్‌ల మాక్స్-బఫర్స్ 1, డ్రాప్ ట్రూ పెట్టుండ్రి, పాత ఫ్రేము పోయి కొత్తదే చేతికొస్తది.

తర్వాత మోడల్‌ను టెన్సర్‌ఆర్‌టీ అనే ఎన్విడియా టూల్‌ల ఎఫ్‌పీ16 (16 బిట్ల లెక్కలతోని జల్ది నడిచే) ఇంజిన్ చేసుకోవాలె, అదిగూడ ఆ బోర్డు మీదనే. పాత నానోల ఇంట్8 (8 బిట్ల లెక్క) పనిచెయ్యది, దాని ఎంబడి పడకుండ్రి. ఇన్‌పుట్ ఫొటో సైజు 640 పిక్సెళ్ల నుంచి 416కు దించితే స్పీడు వస్తది గని దూరంల ఉన్న బైకులు మాయమైతయి.

అసలు బరువంతా డిటెక్టర్‌దే, అంటే బండ్లను గుర్తుపట్టే మోడల్‌దే. ట్రాకర్ అంటే ఫ్రేము ఫ్రేముకు అదే బండి అని పట్టుకునేది; సార్ట్ అని 2016ల వచ్చిన ట్రాకర్‌ల ఉన్నది బండి తర్వాత ఏడుంటదో అంచనా వేసే కాల్మన్ ఫిల్టరు, ఆ అంచనాలను డిటెక్టర్ బండ్ల చుట్టు గీసే బాక్సులతోని జతకలిపే హంగేరియన్ మ్యాచింగే, అది సీపీయూ మీద అలకగ నడుస్తది. కాబట్టి డిటెక్టర్‌ను రెండు ఫ్రేములకోసారి నడిపి నడుమ కాల్మన్ అంచనా మీద పోవచ్చు. అంతకంటే ఎక్కువ వదిలితే చౌరస్తాల మలిగే ఆటోను ఈ అంచనా పట్టలేదు, అది సీదా పోతదనే అనుకుంటది. ఇంకోటి, ఫ్రేములు డ్రాప్ అయితున్నయి కాబట్టి కాల్మన్‌కు ప్రతిసారి ఒకటే గ్యాప్ ఇయ్యద్దు, టైమ్‌స్టాంపు చూసి నిజంగ ఎంత టైమైందో అదే ఇయ్యాలె, నాకు ఐడీలు (ఒక్కో బండికిచ్చే నంబర్లు) ఊకె మారింది దీనివల్లనే.

బస్సు అడ్డమొస్తే ఎనుక ఉన్న బైకు స్కోరు (అది బైకే అని మోడల్‌కున్న నమ్మకం) పడిపోతది, మామూలుగ దాన్ని పారేస్తం. బైట్‌ట్రాక్ అనే ఇంకో ట్రాకర్ పారెయ్యదు, తక్కువ స్కోరు బాక్సులను రెండో రౌండుల పాత ట్రాకులతోని కలిపి చూస్తది, వాటికి కొత్త ఐడీ మాత్రం ఇయ్యది. మన రద్దీకి ఇదే సరిపోతది. డీప్‌సార్ట్ అనే ట్రాకర్ బండి రూపం గూడ పోలుస్తది గని బాక్సు బాక్సుకు ఇంకో నెట్‌వర్కు నడవాలె, నానోకు బరువు.

మోడళ్లు మామూలుగ నేర్చుకునే కోకో ఫొటోల డేటాసెట్‌ల ఆటో లేదు, ట్రాక్టర్ లేదు, అందుకే ఆటో ఒకసారి కారు, ఒకసారి ట్రక్కు అంటది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతోని వచ్చే ట్రాక్టర్ల ఫొటోలు, రాత్రి లైట్ల ఎలుగుల తీసినయి, వానల తీసినయి పెట్టి మళ్ల ట్రైన్ చేసుకోండ్రి.

లెక్క ఐడీల సంఖ్య మీద తియ్యకుండ్రి, ఐడీ మారితే ఒక్క బండే రెండైతది. రోడ్డు మీద గీత గీసి, అది దాటినప్పుడే ఒకటి కలపాలె. ఆ గీత బండ్లు ఆగే సిగ్నల్ కాడ కాదు, జర అవతల, ఎడంగ పోయే చోట ఉండాలె. ఎండకాలం, బోర్డు హాలు చూపే టెగ్రాస్టాట్స్ కమాండుల టెంపరేచర్ చూసుకోండ్రి, బోర్డు కాలితే క్లాక్ (చిప్పు వేగం) తగ్గి ఎఫ్‌పీఎస్ పడిపోతది, ఫ్యాన్ తప్పకుండ పెట్టుండ్రి.