వానకాలంలో అడవి బాట పట్టే ముందు

మృగశిర దాటి నాలుగు గట్టి వానలు పడగానే వరంగల్, హనుమకొండల నుంచి పాకాల, లక్నవరం చెరువులు, బొగత జలపాతం, పాండవుల గుట్టల వైపు బండ్లు బారులు తీరుతాయి. ఎండాకాలమంతా మోడువారిన టేకు అడవి పచ్చబడే ఈ నెలల్లోనే అక్కడి కాలిబాటలు నడవడానికి అందంగా ఉంటాయి, ప్రమాదాలు కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. పాము, పిడుగు, జారుడు బండ అన్నీ భయపడవలసినవే అయినా నా లెక్కలో మొదటి స్థానం వాగుది. పాము ఒకరిని కరుస్తుంది, వాగు వెళ్లిన గుంపునంతటినీ అవతలి ఒడ్డున నిలబెడుతుంది.

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతం చూడబోయిన సుమారు 80 మందికి జరిగింది ఇదే. దారిలోని వాగు పొంగడంతో వారు తిరిగి రాలేక రాత్రి వానలో అడవిలోనే చిక్కుకుపోగా, ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) సిబ్బంది వెళ్లి బయటికి తీసుకువచ్చారు. ఆ మరునాటి ఉదయంతో ముగిసిన 24 గంటల్లో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంత వాన ఏటా పడదు నిజమే. కానీ ఒర్రె, అంటే చిన్న వాగు, పొంగడానికి అందులో పదోవంతు చాలు.

మనం నిలబడ్డ చోట చినుకు లేకపోయినా పైన గుట్టల మీద కురిసిన వాన గంటా రెండు గంటల్లో దిగువకు చేరుతుందన్న సంగతి పట్నం నుంచి వచ్చేవారికి తట్టదు. ఒకసారి పొద్దున చీలమండ దాకా ఉన్న ఒర్రెను దాటి వెళ్లిన మేము మధ్యాహ్నం తిరిగివచ్చేసరికి, తేటగా పారిన నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగి, ఎండుటాకులూ పుల్లలూ నురగతో కలిసి కొట్టుకువస్తున్నాయి. లోతు అప్పటికి మోకాలికి రాలేదు గానీ, ఆ రంగు చూసి మాతో ఉన్న ఊరి పెద్దాయన ఒక్కరినీ దిగనివ్వలేదు. అరగంటలో అది నడుము లోతైంది. అందుచేత దాటే ముందు నీటి అంచున ఒక రాయి గుర్తుగా పెట్టి కాసేపు ఆగి చూడాలి. రాయి మునిగినా, నీటి రంగు మారినా అవతలికి పోకూడదు. అప్పటికే అవతల ఉంటే ఎత్తైన చోటికి చేరి నీరు తగ్గేదాకా కూర్చోవాలి. వడి ఉన్న నీళ్లు మోకాలి లోతున కూడా మనిషిని పడగొడతాయి. పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా చివరి వాగు ఇవతలికి వచ్చేలా నడకను కుదించుకోవడం ఉత్తమం.

ఏటూరునాగారం, పాకాల అడవులు వన్యప్రాణి అభయారణ్యాలు కాబట్టి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. కవ్వాల్ పులుల అభయారణ్యంలో వానకాలం సఫారీలు ఆపేస్తారు. చెక్‌పోస్టులో పేరు రాయించడం విసుగనిపించవచ్చు. ఫోన్ సిగ్నల్ అందని చోట మీరు తిరిగి రాలేదని తెలియడానికి ఆ పుస్తకమే ఆధారం. దారిలోని గూడెంలో ఆగి, “పెద్దాయనా, వాగు ఎట్లున్నది? పైన వాన పడ్డదా?” అని అడగడం ఏ వాతావరణ సూచనకూ తీసిపోదు.

పాకురు పట్టిన బండ మీద ఏ ఖరీదైన బూటూ ఆగదు, కాబట్టి జలపాతాల అంచున సెల్ఫీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాండవుల గుట్టల్లో రాతి చరియలకు పెద్ద తేనెతుట్టెలు ఉంటాయి. వాటి దగ్గర పొగ పెట్టడం, అరవడం, అత్తరు పూసుకుని తిరగడం కూడదు. ఉరుము వినిపిస్తే ఒంటరి చెట్టునూ గుట్ట కొననూ వెంటనే వదలాలి. ఈదురుగాలి లేస్తే చెట్ల కింద నిలబడకూడదు: 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో వేల చెట్లు కూకటివేళ్లతో కూలిపోయాయి.

పాము కాటు విషయంలో ఒక మాట. కట్లపాము కరిస్తే నొప్పీ వాపూ దాదాపు ఉండవు. కొన్ని గంటల తరువాత కనురెప్పలు వాలిపోయినప్పుడు గానీ సంగతి తెలియదు. కాబట్టి నొప్పి లేదని ఊరుకోకుండా, తాడు బిగించకుండా, గాటు పెట్టకుండా, పసరు వైద్యానికి గంట కూడా పోగొట్టకుండా, కాటు పడ్డ అవయవాన్ని కదలనీయక 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ఇంటికి వచ్చాక చంకలు, గజ్జలు, మోకాలి వెనుక భాగం పరిశీలించుకోవాలి. గడ్డిలోని సన్నని పురుగులు కుట్టిన చోట చిన్న నల్లని పొక్కు కట్టి, వారం పది రోజులకు జ్వరం వస్తే అది ఆ పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జబ్బు కావచ్చు. డాక్టరు అడగకపోయినా, ఫలానా రోజున అడవికి వెళ్లి వచ్చామని మీరే చెప్పాలి.