సరీసృపాల పెట్టెకు వేడి: ఏ లక్షణం వెనుక ఏ లోపం, దానికేం చేయాలి

మే నెలలో విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా రాత్రిపూట హీటర్ సంగతి ఎవరికీ గుర్తురాదు. డిసెంబరు, జనవరి రాత్రులు, ముసురు పట్టిన రోజులు వేరు. కొన్ని వారాల పనే కదా అని పాత హోల్డర్, అతుకుల వైరుతో సరిపెట్టేస్తారు. మనకైతే సెగ తగిలితే పక్కకు జరుగుతాం. మూత వేసిన పెట్టెలోని ప్రాణి ఎక్కడికీ పోలేదు. అందుకే మన దగ్గర ముందు కొనాల్సింది ఎక్కువ వాట్ల హీటర్ కాదు, మంచి థర్మోస్టాట్, అంటే పెట్టిన వేడి రాగానే హీటర్‌ని ఆపే పరికరం.

ఏది తాకాలన్నా ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా హోల్డర్ దాకా కరెంటు ఉంటుంది.

సాయంత్రం వేడి చాలదు, అర్ధరాత్రి దాటాక ఎక్కువవుతుంది

ఇది హీటర్ లోపం కాదు, వోల్టేజీ. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 100 వాట్లు ఇచ్చే సిరామిక్ హీటర్ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే, బల్బులా బిగించేది), 200 వోల్టులకు పడితే సుమారు 76 వాట్లే ఇస్తుంది. 180 అయితే 61. అదే 250కి పెరిగితే 118. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. సాయంత్రం ఏడు గంటలకోసారి, రాత్రి రెండు గంటలకోసారి మల్టీమీటర్‌తో చూస్తే విషయం తేలిపోతుంది.

100 తీసేసి 150 పెట్టడం మాత్రం వద్దు. థర్మోస్టాట్ లేకుండా అలా చేస్తే, అందరూ పడుకుని వోల్టేజీ పెరిగాక లోపలి జీవి ఉడికిపోతుంది. థర్మోస్టాట్ ఉంటే కాస్త పెద్ద హీటర్ పెట్టుకోవచ్చు, అవసరం తీరగానే అదే ఆపుతుంది. దానికంటే ముందు పెట్టె వెనుక, పక్కల బయటివైపు థర్మోకోల్ అతికించి చూడండి. హీటర్‌కి దగ్గరగా మాత్రం అది ఉండకూడదు.

హోల్డర్ నల్లబడింది, ప్లగ్గు వేడెక్కుతోంది, కాలిన వాసన

ఎక్కువగా కనిపించే, ఎక్కువగా భయపడాల్సిన లక్షణం ఇదే. లోడు ఎక్కువైందని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి: 300 వాట్లకు 230 వోల్టుల దగ్గర వెళ్లేది 1.3 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్‌కి అది ఏ మూలకూ రాదు. కాలేది వదులుగా ఉన్న చోటే. స్క్రూ వదులైనా, తీగలు మెలిపెట్టి టేపు చుట్టినా ఆ అతుకు దగ్గర నిరోధం పెరిగి అక్కడే వేడి పుడుతుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరప్రాంత ఊళ్లలో ఉప్పుగాలికి ఇత్తడి కాంటాక్టులు చిలుము పట్టి ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

రెండో కారణం హోల్డర్. మన ఇళ్లలో బల్బుకి రెండు పిన్నుల హోల్డర్ ఉంటుంది, సిరామిక్ హీటర్‌కి ఉండేది తిప్పి బిగించే స్క్రూ మూతి. మధ్యలో చిన్న ప్లాస్టిక్ అడాప్టర్ పెట్టేస్తారు. హీటర్ ఒంటి మీద వేడి 200 డిగ్రీలు దాటుతుంది. ఆ ప్లాస్టిక్ మెత్తబడి లోపలి స్ప్రింగ్ వదులవుతుంది.

అడాప్టర్ తీసి పారేయండి. స్క్రూ మూతికి సరిపోయే పింగాణీ హోల్డర్ కొనండి. హోల్డర్‌కి ఆనుకున్న అడుగు పొడవూ వేడిని తట్టుకునే సిలికాన్ వైరు, మిగతాది 1 చదరపు మిల్లీమీటరు మూడు కోర్ల రాగి వైరు వాడండి. ఫేజు తీగ హోల్డర్ మధ్య కాంటాక్టుకి, న్యూట్రల్ స్క్రూ గొట్టానికి వెళ్లాలి. తిరగబడితే హీటర్ బిగించేటప్పుడు వేలికి ఫేజు తగలొచ్చు. నల్లబడిన సాకెట్‌ని గీకి మళ్లీ వాడకండి, మార్చేయండి.

పొట్ట కింద కాలిన మచ్చ, లేదా ఎప్పుడూ చల్లటి మూలనే పడుకుంటోంది

థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని పసిగట్టే తీగ కొస) కదిలిపోయి ఉంటుంది, లేదా చల్లటి వైపు ఉంటుంది. హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పరిచే పల్చటి హీటర్) అయితే, దాని పైనున్న నేల మీద ప్రోబ్ కదలకుండా బిగించాలి. సిరామిక్ హీటర్ అయితే దాని కిందే, జీవి వీపు ఎత్తులో ఉండాలి. లోపల జిగురు టేపు వద్దు, చర్మానికి అంటుకుంటే ఊడదీయడం నరకం. మ్యాట్ మీద మందంగా ఇసుక పోసినా వేడి అక్కడే చిక్కుకుని గాజు పగలొచ్చు.

లెపర్డ్ గెకో అనే బల్లికి వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 24 నుంచి 26 ఉండాలి. బియర్డెడ్ డ్రాగన్ అనే తొండ రకం పగలు ఎండ కాగే చోట 38 నుంచి 42. వేడి రాళ్లని అమ్మేవి అసలు కొనొద్దు.

జాలీకి టెస్టర్ పెడితే వెలుగుతోంది

లోహపు డూముకి (హీటర్ మీది గిన్నె లాంటి కప్పుకి), జాలీకి ఎర్తు లేదు, లేదా హోల్డర్‌లో తేమ చేరింది. ఇంట్లో ఎర్తు పనిచేయకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. ఆ లైనుకి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అది ట్రిప్ అవుతుంటే దాన్ని తప్పించి డైరెక్టుగా కలపడం ప్రాణంతో చెలగాటం. తాబేలు ఉన్న నీటి తొట్టెలో అయితే గాజు హీటర్ పగిలిందేమో చూడాలి. నీళ్లు తీసే ముందు ప్లగ్గు పీకి, హీటర్ చల్లారాకే బయటకు తీయండి. వైరును ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలి పైకి తిప్పితే, వైరు మీద జారే నీరు సాకెట్‌లోకి పోదు.

పెద్ద పెట్టెలో ఒక మూల నిప్పు, మిగతాదంతా చలి

రెండడుగుల ట్యాంకుకి నేలలో మూడో వంతు కప్పే మ్యాట్ చాలు. మూడు, నాలుగు అడుగులకు 75 నుంచి 100 వాట్ల సిరామిక్. ఆరడుగుల చెక్క పెట్టెలో ఒకే 250 వాట్లది పెట్టకండి. ఒకే సగంలో 100 వాట్లవి రెండు, ఎడంగా, చెక్కకు దూరంగా పెట్టి, జీవి తాకకుండా చుట్టూ జాలీ కట్టండి. రెండో సగం చల్లగానే ఉండనివ్వాలి.

 

కరెంటు పోయి వచ్చాక వేడి మారిపోయింది

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు వేడి నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి ఒక మూల పెడితే చాలు. చవక ఇన్వర్టర్ మీద డిమ్మింగ్ థర్మోస్టాట్ (హీటర్‌ని పూర్తిగా ఆపకుండా వేడిని తగ్గించి పెంచేది) సరిగ్గా నడవకపోవచ్చు, దానికి సైన్ వేవ్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటు లాంటిదే ఇచ్చేది) కావాలి. కరెంటు రాగానే థర్మోస్టాట్ అంకె చూడండి. కొన్ని మోడళ్లు మీరు పెట్టిన డిగ్రీలు మరచిపోయి, ఫ్యాక్టరీ అంకెకు వెళ్లిపోతాయి.