ఇంటి కెమెరాలకు పీవోఈ స్విచ్: పోర్టులకన్నా ముందు వాట్లు లెక్కపెట్టండి

నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే లాగి, అందులోనే కరెంటూ చిత్రమూ రెండూ నడిపించే పద్ధతిని పవర్ ఓవర్ ఈథర్నెట్, పొట్టిగా పీవోఈ అంటారు. ప్రతి కెమెరా దగ్గరా విడిగా ప్లగ్గు, ఎడాప్టర్ పెట్టే పని తప్పుతుంది కాబట్టి, కొత్తగా ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్ ద్వారా చిత్రం పంపేవి) పెట్టించుకునేవారు దీన్ని ఎంచుకోవడం మంచిదే. అయితే పాత డీవీఆర్‌కు (రికార్డింగ్ పెట్టెకు) గుండ్రటి కోయాక్సియల్ వైరుతో నడిచే అనలాగ్ కెమెరాలున్న ఇంట్లో పీవోఈ స్విచ్, అంటే కెమెరాల కేబుళ్లన్నీ తగిలించుకుని వాటికి కరెంటు ఇచ్చే నెట్‌వర్క్ పెట్టె, కొన్నా ప్రయోజనం లేదు. ముందు మీ కెమెరా ఏ రకమో చూసుకోండి.

దుకాణంలో సాధారణంగా అడిగే ప్రశ్న "ఎన్ని కెమెరాలు, నాలుగు పోర్టులా, ఎనిమిది పోర్టులా?" అనేదే. అసలు అడగవలసింది ఆ స్విచ్ అన్ని పోర్టులకూ కలిపి మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదని. దీన్నే పీవోఈ బడ్జెట్ అంటారు. పెట్టె మీద ఒక్కో పోర్టుకు 30 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన, 8 పోర్టులకూ ఒకేసారి 30 వాట్ల చొప్పున అందుతాయని అనుకోకూడదు. చౌక రకాల్లో మొత్తం బడ్జెట్ 60 వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు.

కెమెరా వాడకాన్ని పగటి లెక్కతో కాకుండా రాత్రి లెక్కతో చూడాలి. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, వాడకం పెరుగుతుంది. కెమెరా వివరాల పత్రంలో 'గరిష్ఠం' అని ఇచ్చే అంకెనే తీసుకోండి. ఉదాహరణకు ఒంగోలులో రెండంతస్తుల ఇంటికి 8 వాట్ల బుల్లెట్ కెమెరాలు నాలుగు, గేటు దగ్గర రాత్రిపూట తెల్లదీపం వెలిగే 10 వాట్ల రంగుల కెమెరా ఒకటి, మేడ మీద 20 వాట్ల తిరిగే పీటీజెడ్ కెమెరా ఒకటి అనుకుందాం. మొత్తం 62 వాట్లు. దానిపై నాలుగో వంతు మిగులు ఉంచుకుంటే దాదాపు 78 వాట్లు కావాలి. కాబట్టి 65 వాట్ల స్విచ్ వదిలేసి 96 లేదా 120 వాట్ల రకం తీసుకోవాలి. బడ్జెట్ చాలకపోతే స్విచ్ ఏదో ఒక పోర్టుకు కరెంటు ఆపేస్తుంది. పగలంతా బాగానే పనిచేసిన కెమెరా పొద్దుగూకాక ఆగి ఆగి మళ్లీ మొదలవుతుంటే, కెమెరా పాడైందని తేల్చేముందు ఈ లెక్క వేసి చూడండి.

ఒక్కో పోర్టు విషయంలో ప్రమాణాలు కూడా చూడాలి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ పోర్టు 15.4 వాట్లు పంపితే, వంద మీటర్ల తీగలో పోయే నష్టం తీసివేయగా కెమెరాకు 12.95 వాట్లు ఖాయంగా అందుతాయి. 2009 నాటి 802.3ఏటీ పోర్టు 30 వాట్లు పంపి 25.5 వాట్లు చేరుస్తుంది. పై ఉదాహరణలోని పీటీజెడ్‌కు ఏటీ పోర్టు తప్పనిసరి. 2018లో వచ్చిన 802.3బీటీ ఇంటి కెమెరాలకు సాధారణంగా అవసరం లేదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఈ ప్రమాణాల స్విచ్ అవతలి పరికరాన్ని ముందు పరీక్షించి, అది పీవోఈ తీసుకునేదేనని తేలాకే కరెంటు వదులుతుంది. 'పాసివ్' అని అమ్మే చౌక రకాలు ఏమీ అడగకుండా వోల్టేజి పంపుతాయి. వాటికి పొరపాటున వేరే పరికరం తగిలిస్తే అది కాలిపోయే ప్రమాదముంది.

వేగం గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 4 మెగాపిక్సెల్ కెమెరాకు సెకనుకు 4 మెగాబిట్లు చాలు కాబట్టి 100 మెగాబిట్ల పోర్టులు సరిపోతాయి. ఐపీ కెమెరాల రికార్డింగ్ పెట్టె అయిన ఎన్‌వీఆర్ వైపు పోయే అప్‌లింక్ పోర్టు మాత్రం గిగాబిట్‌ది ఉంటే మేలు.

స్విచ్ మీద పెట్టినంత శ్రద్ధ తీగ మీద పెట్టకపోతే ఈ లెక్కలన్నీ వృథా. సీసీఏ అనే కేబుల్‌లో లోపల అల్యూమినియం ఉండి పైన రాగి పూత ఉంటుంది. నిరోధం ఎక్కువ కనుక దూరం పోయేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. తీగ కొసను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపించేది అదే. పూర్తి రాగి క్యాట్6 రకం నెట్‌వర్క్ కేబుల్ అడగండి. ఎండ తగిలే చోట అవుట్‌డోర్ నల్ల తొడుగు ఉన్నదే వేయించండి. స్విచ్ నుంచి కెమెరాకు వంద మీటర్లు దాటకూడదు. 'ఎక్స్‌టెండ్' మీట నొక్కితే 250 మీటర్లని రాసి ఉండవచ్చు గానీ, అప్పుడు వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది.

కొత్తపట్నం, ముత్తుకూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బయటి జాయింట్లే ముందు పాడవుతాయి. కరెంటు పారే ప్లగ్గులోకి ఉప్పు తేమ చేరితే పిన్నులకు చిలుము త్వరగా పడుతుంది. కెమెరాతో వచ్చే రబ్బరు మూతను పారేయకుండా బిగించి, జాయింటును జంక్షన్ బాక్సులో ఉంచాలి. ఇంటికి దూరంగా రొయ్యల చెరువు దగ్గరి షెడ్డులో కెమెరా కావాలంటే, నా అభిప్రాయంలో రాగి తీగ లాగనే కూడదు: ఫైబర్ వేసి షెడ్డులో చిన్న స్విచ్ పెట్టుకుంటే దూరమూ సమస్య కాదు, పిడుగు ప్రభావం ఆ తీగ వెంట ఇంట్లోకీ రాదు.

స్విచ్‌ను మెట్ల గది పైన రేకుల కింద పెట్టించకండి. ఇంటి రకం స్విచ్‌లు చాలావరకు 40 డిగ్రీల వేడి వరకే తగినవి. నెల్లూరు మే నెల ఎండలో బయట నీడలోనే ఆ అంకె దాటుతుంది. గాలి ఆడే గదిలో, ఎర్తింగ్ ఉన్న సాకెట్ దగ్గర పెట్టాలి. తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి ఉండదు కాబట్టి స్విచ్, ఎన్‌వీఆర్, రౌటర్ మూడూ ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి; రౌటర్‌ను మరిచిపోతే రికార్డింగ్ నడిచినా ఫోనులో చూడలేరు.

పని పూర్తయ్యాక డబ్బంతా పగలే ఇచ్చేయకుండా, ఒక రాత్రి అన్ని కెమెరాల దీపాలూ వెలుగుతుండగా మెయిన్ ఆపించి, ఇన్వర్టర్ మీద గంటసేపు నడిపించి చూసి, అప్పుడు మిగతా సొమ్ము చెల్లించండి. బిల్లు మీద స్విచ్ మోడల్ నంబరు, దాని ఎడాప్టర్‌కు కూడా వారంటీ రాయించుకోండి.