లైకులొస్తాయి, ఆర్డర్లు రావు: బీటూబీ మార్కెటింగ్‌లో తేడా ఎక్కడ?

ఇంకో కంపెనీకి సరుకో, సేవో, సాఫ్ట్‌వేరో అమ్మే (బీటూబీ) కంపెనీల్లో మార్కెటింగ్ సరిగ్గా నడవడం లేదనగానే వినిపించే సలహా ఒకటే: "పోస్టులు పెంచండి." పైపు పగిలి నీళ్లు పోతుంటే మోటారు ఇంకో గంట వేసినట్టుంటుంది ఇది. మన పోస్టు ఎవరి కంటో పడిన దగ్గర్నుంచి పర్చేజ్ ఆర్డర్ చేతికొచ్చేదాకా మధ్యలో చాలా జరగాలి. అందులో ఎక్కడ ఆగిపోతోందో చూడకుండా కొత్త పోస్టు రాయడం దండగ. అందుకని ఆఫీసుల్లో వినిపించే ఫిర్యాదులతోనే మొదలుపెడుతున్నాను. మీ ఫిర్యాదు ఏదో నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదవొచ్చు.

## "లైకులు బాగానే వస్తున్నాయి, ఎంక్వైరీ ఒక్కటీ లేదు"

నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ముందు మీ ఆఖరి పది పోస్టులు తెరిచి, లైక్ కొట్టినవాళ్ల పేర్లు చూడండి. ఎంతమంది అని కాదు, ఎవరెవరు అని. మన ఉద్యోగులు, మన దగ్గర ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, పోటీ కంపెనీల వాళ్లు, మనకే ఏదో అమ్మాలని చూస్తున్న వెండర్లు కనిపిస్తారు. కొనేవాళ్లు మాత్రం వెతికినా దొరకరు.

ఎందుకంటే ఆ పోస్టులన్నీ మన ఇంటి ముచ్చట్లు. కొత్త ఆఫీసు, అవార్డు, ఎగ్జిబిషన్ స్టాల్ ముందు గ్రూప్ ఫొటో. వీటిని పూర్తిగా మానేయమని కాదు, మనుషుల్ని చేర్చుకోవడానికి పనికొస్తాయి. కానీ మిషన్ ఆగిపోయి తల పట్టుకుని కూర్చున్న మెయింటెనెన్స్ మేనేజర్‌కి మన అవార్డుతో పనేముంది?

రాయాల్సిన విషయం సేల్స్, సర్వీస్ వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లతో ఒక గంట కూర్చోండి. పోయిన నెలలో కస్టమర్లు ఏమేం అడిగారో, వాళ్లు ఏ మాటల్లో అడిగారో ఆ మాటల్లోనే రాసుకోండి. సర్వీస్ టికెట్లు, రికార్డయిన డెమో కాల్స్ ఉంటే ఇంకా మంచిది. ఇరవై ప్రశ్నలు దొరికాయంటే రెండు నెలల సరుకు దొరికినట్టే.

పంపుల్లోంచి ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్స్ తయారుచేసే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. వాళ్ల పోస్టు మామూలుగా ఇలా ఉంటుంది:

"అత్యున్నత నాణ్యత, అత్యాధునిక సాంకేతికతతో రూపొందించిన మా సీల్స్ మీ పరిశ్రమ అవసరాలన్నిటికీ సంపూర్ణ పరిష్కారం."

ఇందులో "సీల్స్" తీసేసి "కుర్చీలు" అని పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. జబ్బు అదే. అదే కంపెనీ, తన సర్వీస్ ఇంజనీర్ చెప్పినదాన్ని పట్టుకుని రాస్తే ఇలా ఉంటుంది:

"సీల్ మార్చిన కొన్ని వారాలకే మళ్లీ లీకవుతోందా? ఇంకోటి ఆర్డర్ పెట్టే ముందు పాతదాని ఫేస్ మీద వెలుతురు వేసి చూడండి. లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు సన్నటి గీతల్లా పగుళ్లు కనిపిస్తే, అది ద్రవం అందక పొడిగా తిరిగి వేడెక్కిందేమోనని అనుమానించాలి. అలాంటి పంపుకి ఎంత మంచి సీల్ వేసినా అదే గతి. ముందు సక్షన్ లైన్ సంగతి చూడండి."

రెండోదానికి లైకులు తక్కువే రావచ్చు. కానీ దాన్ని సేవ్ చేసుకునేవాళ్లు, పక్క టేబుల్ దగ్గర ఉన్నాయనకి చూపించేవాళ్లు ఉంటారే, మనకి కావలసింది వాళ్లు. సీల్స్ అమ్మేవాళ్లే "తొందరపడి కొనకండి" అంటుంటే వినబుద్ధవుతుంది. మేనేజ్‌మెంట్ సరిగ్గా ఇక్కడే జంకుతుంది: "విషయమంతా చెప్పేస్తే ఇక మన దగ్గరికెందుకొస్తారు?" చదివినవాళ్లలో కొందరు నిజంగానే సొంతంగా సరిచేసుకుంటారు. చేసుకోనివ్వండి. వాళ్లకి చేతకాని సమస్య వచ్చినరోజు గుర్తొచ్చే పేరు మనదే.

## "ఫాలోవర్లు వేలల్లో ఉన్నారు, రీచ్ వందల్లో ఉంది"

కంపెనీ లోగో మాట్లాడితే వినేవాళ్లు తక్కువ. అదే విషయం ఒక ఇంజనీర్ తన పేరు మీద రాస్తే ఆగి చదువుతారు. ఇది అర్థమైన కంపెనీలు కూడా ఒక తప్పు చేస్తాయి: ఉద్యోగులందరికీ ఒకే రాత పంపి, పొద్దున పదింటికల్లా షేర్ చేయమంటాయి. ఒకే పోస్టు ముప్ఫై మంది గోడల మీద కనిపిస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అందరూ వద్దు. ఇష్టం ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు చాలు. వాళ్లని రాయమని అడగకండి, మాట్లాడమనండి. ఇరవై నిమిషాలు రికార్డ్ చేసుకుని, వాళ్ల మాట పోకుండా మీరు రాసి, వాళ్ల చేతే దిద్దించండి. లింక్డ్‌ఇన్ పోస్టులో 3,000 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, నొక్కకుండా కనిపించేవి మొదటి రెండు మూడు లైన్లే. వాటిని "తెలియజేయడానికి సంతోషిస్తున్నాము"కి ధారపోయకండి. ఇంకొకటి, ఏ4 బ్రోచర్ పీడీఎఫ్‌ని ఉన్నదున్నట్టు డాక్యుమెంట్ పోస్టుగా పెడితే ఫోన్‌లో చీమల బారులా ఉంటుంది. పేజీకి ఒక విషయం చొప్పున, పెద్ద అక్షరాలతో మళ్లీ చేయించండి.

## "వెబ్‌సైట్‌కి జనం వస్తున్నారు, ఫారం నింపడం లేదు"

డిజైనర్‌కి ఫోన్ చేసే ముందు మీ ఫోన్‌లోంచి మీరే ఆ ఫారం నింపండి. జవాబు ఎవరికి వెళ్తుందో, ఎప్పుడొస్తుందో చూడండి. ఇదేం సలహా అనుకోవద్దు. నేను పనిచేసిన ఒక చోట లీడ్స్, అంటే కొనే అవకాశం ఉన్నవాళ్ల వివరాలు, రావడం లేదని నెలల తరబడి మీటింగులు పెట్టుకున్నాం, హెడ్‌లైన్లు మార్చాం, బటన్ రంగు మార్చాం. తీరా చూస్తే ఫారంలోని వివరాలన్నీ ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకాయన మెయిల్‌బాక్స్‌కి పోతున్నాయి. తెరిపిస్తే ఎంక్వైరీలు బారులు తీరి ఉన్నాయి. వాళ్లకి ఏమని జవాబు రాయాలో తెలియక ఇంకో మీటింగ్ పెట్టుకున్నాం.

ఫారం పనిచేస్తోందని తేలితే, దాని వెనక ఏం దాచారో చూడండి. డేటాషీట్ కావాలంటే ఫారం, కేస్ స్టడీ కావాలంటే ఫారం. ఫారం వెనక ఉన్నదాన్ని గూగుల్ చదవలేదు. నలుగురు వెండర్లని పోల్చి చూస్తున్న ఇంజనీర్ చదవగలిగినా చదవడు, ఫోన్ నంబర్ ఇస్తే రేపట్నుంచి కాల్స్ మొదలవుతాయని ఆయనకి తెలుసు. వివరాలు బయట పెట్టేసిన కంపెనీ పేజీకి వెళ్లిపోతాడు. నా లెక్క ఇదీ: చదివి తెలుసుకునేదంతా బయట ఉండాలి. మన మనిషి కూర్చుని పనిచేయాల్సినవాటికి, అంటే డెమో, కొటేషన్, వాళ్ల ప్లాంట్‌కి తగ్గ సైజు లెక్క లాంటివాటికి మాత్రం ఫారం పెట్టాలి.

## "లీడ్స్ ఇస్తున్నాం, సేల్స్ వాళ్లు చెత్త అంటున్నారు"

ఇందులో రెండు వైపులా నిజం ఉంటుంది. ముందు తేలికైనవి చూద్దాం. లింక్డ్‌ఇన్ యాడ్స్ నడుపుతుంటే ఆడియన్స్ ఎక్స్‌పాన్షన్, ఆడియన్స్ నెట్‌వర్క్ అనే ఆప్షన్లు చూడండి. మీరు టిక్ పెట్టకపోయినా అవి పెట్టి ఉండొచ్చు. మొదటిది మీరు ఎంచుకున్నవాళ్లలాంటి ఇంకొందరికి, రెండోది లింక్డ్‌ఇన్ బయటి సైట్లలో, యాప్‌లలో మీ యాడ్ చూపిస్తుంది. చిన్న బడ్జెట్ ఉన్నప్పుడు రెండూ తీసేయడమే నయం. లింక్డ్‌ఇన్ యాడ్‌లోనే తెరుచుకునే లీడ్ ఫారం, నింపేవాళ్ల ప్రొఫైల్‌లోని మెయిల్‌ని దానంతటదే నింపుతుంది, అది చాలాసార్లు సొంత మెయిల్ అయి ఉంటుంది కాబట్టి ఆఫీస్ మెయిల్ విడిగా అడగండి. ఆ లీడ్స్‌ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి 90 రోజులే గడువు, తర్వాత దొరకవు.

అసలు తగాదా ఇంకోటి. ఈబుక్ దింపుకున్న విద్యార్థి కూడా మార్కెటింగ్ లెక్కలో లీడే. సేల్స్ లెక్కలో బడ్జెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషే లీడ్. ఏ సైజు కంపెనీ, ఏ హోదా మనిషి, ఏం చేస్తే లీడ్ అనాలి, ఎన్ని గంటల్లో సేల్స్ ఫోన్ చేయాలి అన్నది ఒక్క పేజీ మీద రాసి ఇద్దరూ ఒప్పుకుంటే సగం టెన్షన్ పోతుంది.

మిగతా సగం, కొనేది ఒక్కరే అనుకోవడం వల్ల వస్తుంది. పెద్ద కొనుగోళ్లలో 6 నుంచి 10 మంది దాకా నిర్ణయంలో ఉంటారని గార్ట్‌నర్ అనే రీసెర్చ్ సంస్థ చెబుతోంది. మన వెబినార్‌కి వచ్చింది వాళ్లలో ఒక్కరు. ఆయనకి మనం నచ్చాం. తర్వాత ఆయన లోపలికి వెళ్లి ఫైనాన్స్‌తో, ఐటీతో, పర్చేజ్‌తో మన తరఫున వాదించాలి. ఫైనాన్స్ "పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది?" అంటుంది. ఐటీ "మన డేటా ఎక్కడ పెడతారు?" అంటుంది. పర్చేజ్ "ఇంకెవరు వాడుతున్నారు?" అంటుంది. ఆయన చేతిలో మన పాతిక పేజీల బ్రోచర్ తప్ప ఏమీ ఉండదు. అందులో ఈ మూడిటికీ జవాబు ఉండదు. డీల్ అక్కడ చల్లబడుతుంది, మనం లీడ్ బాగోలేదని రాసుకుంటాం.

ఆయనకి మెయిల్‌లో ఫార్వర్డ్ చేయదగ్గ ఒక్కో పేజీ కాగితాలు కావాలి, ఒక్కొక్కరికి ఒక్కోటి. నన్నడిగితే కొత్త పోస్టుల క్యాలెండర్ కన్నా ముందు తయారుచేయాల్సినవి ఇవే. వీటిని ఎవరూ లైక్ చేయరు కాబట్టే ఎవరూ రాయరు.

## "ఏది పనిచేస్తోందో రిపోర్టులో తెలియడం లేదు"

సైట్‌కి ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో "డైరెక్ట్" అని పెద్ద అంకె ఉంటే, వాళ్లందరూ మన సైట్ పేరు టైప్ చేసి వచ్చారని మురిసిపోకండి. వాట్సాప్‌లో, మెయిల్‌లో, పీడీఎఫ్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి వచ్చినవాళ్లు చాలామంది అందులోనే కలిసిపోతారు. మన చేతుల్లోంచి వెళ్లే ప్రతి లింకుకీ యూటీఎం ట్యాగులు, అంటే ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర తగిలించే ముక్కలు, పెట్టాలి, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే. పేరులో ఒక్క పెద్ద అక్షరం పడినా అనలిటిక్స్ దాన్ని వేరే సోర్సుగా లెక్కేస్తుంది. వాడే పేర్లన్నీ ఒక షీట్‌లో రాసుకుని అందులోంచే కాపీ చేసుకోండి.

గూగుల్ అనలిటిక్స్ 4లో ఎక్స్‌ప్లోరేషన్స్‌కి, అంటే మనమే తయారుచేసుకునే లోతైన రిపోర్టులకి, వాడే డేటా మామూలుగా 2 నెలలే ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 14 నెలలకి మార్చండి, అది ఈరోజే చేయాల్సిన పని. అర్ధ సంవత్సరం నడిచే డీల్‌కి రెండు నెలల జ్ఞాపకం ఏం సరిపోతుంది? అన్నీ చేసినా కొంత చీకట్లోనే ఉంటుంది. దానికి మందు ఫారంలో ఒక ఖాళీ పెట్టె: "మా గురించి ఎక్కడ విన్నారు?" ఆప్షన్ల లిస్టు ఇవ్వకండి, మొదటిది నొక్కేసి పోతారు. సొంతంగా రాయనిస్తే "మా పాత మేనేజర్ మీ వీడియో పంపారు" లాంటివి వస్తాయి. ఏ డ్యాష్‌బోర్డూ ఆ మాట చెప్పదు.

## "మూడు నెలలు చూశాం, ఆపేద్దాం అంటున్నారు"

మార్కెటింగ్ మీద పరిశోధన చేసే ఎరెన్‌బర్గ్-బాస్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన జాన్ డాస్ ఒక లెక్క చెబుతారు. ఒక సేవని కంపెనీలు సగటున ఐదేళ్లకోసారి మారుస్తాయనుకుంటే, ఏడాదిలో మార్కెట్‌లో ఉండేది 20 శాతం, ఒక మూడు నెలల్లో 5 శాతం. మిగతా 95 శాతం మంది మన పోస్టు ఎంత బాగున్నా ఇప్పుడు కొనరు. మీ బాస్ ముందు ఈ లెక్క పెట్టండి. ఆర్డర్ల బదులు మూడు నెలల్లో కనిపించేవి చూపించండి: గూగుల్‌లో మన కంపెనీ పేరు కొట్టి వెతికేవాళ్లు పెరిగారా (గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో కనిపిస్తుంది), సేల్స్ లిస్టులో ఉన్న కంపెనీల మనుషులు ఫాలో అవుతున్నారా, కాల్‌లో ఎవరైనా మన రాతల ప్రస్తావన తెచ్చారా.

అయితే నిజంగా ఆపేయాల్సిన సందర్భమూ ఒకటుంది. సేల్స్ టీంని అడగండి, ఈ మూడు నెలల్లో మనం రాసినదాంట్లో ఒక్కటైనా కస్టమర్‌కి పంపారా అని. ఒక్కటీ పంపలేదంటే ఆ క్యాలెండర్ అక్కడితో ఆపేసి, మళ్లీ వాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి.