కాంపోజిటింగ్‌కి (వేర్వేరు దృశ్యాల్ని ఒకే ఫ్రేమ్‌లో కలిపే పనికి) ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ముందు సమస్య ఎక్కడుందో చూడండి

విజయవాడ గవర్నర్‌పేటలో కొత్తగా ఎడిటింగ్ రూమ్ పెట్టిన తమ్ముళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే: "అన్నా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వదిలేసి న్యూక్‌కి వెళ్ళిపోమంటావా?" రెండూ కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లే. ముందు ఇప్పుడున్న దాంట్లో ఎక్కడ తేడా కొడుతోందో చెప్పమంటాను. సగం సందర్భాల్లో తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

సమస్య: గ్రీన్ మ్యాట్ (మనిషి వెనక కట్టే ఆకుపచ్చ తెర) తీసేశాక జుట్టు అంచులు రంపం పళ్ళలా వస్తున్నాయి.

కారణం: కెమెరా. 8 బిట్ 4:2:0లో (రంగు వివరాన్ని బాగా కుదించి రికార్డు చేసే పద్ధతి) తీస్తే నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు సమాచారం నమోదవుతుంది, కీయర్ (మ్యాట్ రంగుని తీసేసే టూల్) పని చేయాల్సింది ఆ రంగుమీదే కాబట్టి న్యూక్‌లో వేసినా లేని అంచు పుట్టదు.

పరిష్కారం: రంగు వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2లో తీయండి, మ్యాట్‌కీ మనిషికీ మధ్య బాగా దూరం ఉంచండి. మ్యాట్ రంగు కూడా ఆలోచించాలి. గుంటూరులో ఒక పచ్చళ్ళ యాడ్‌కి పండుమిర్చిని గ్రీన్ మ్యాట్ మీద తీశాం. కీ వేయగానే తొడిమలన్నీ మాయం! వాటిని తిరిగి తెచ్చుకోడానికి రెండు రోజులు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రోటో (అంచుని చేత్తో గీయడం) గీశాను. అదే బ్లూ మ్యాట్ అయితే ఆ పనే ఉండేది కాదు.

సమస్య: ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం ఆకాశం చారలు చారలుగా కనిపిస్తోంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కొత్త ప్రాజెక్టు 8 బిట్‌లోనే మొదలవుతుంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 16 చేయండి. ఫుటేజే 8 బిట్ అయితే పైన కాస్త గ్రెయిన్ (సన్నని చుక్కలు) వేస్తే చారలు కలిసిపోతాయి.

సమస్య: ప్రివ్యూ నాలుగైదు సెకన్లకే ఆగిపోతోంది.

లెక్క వేయండి. 4కె ఫ్రేమ్ ఒకటి 16 బిట్‌లో దాదాపు 66 ఎంబీ, సెకనుకి 25 ఫ్రేములంటే 1.6 జీబీ పైమాటే, మరి 16 జీబీ ర్యామ్‌లో విండోస్ తినేది పోగా ఎంత మిగులుతుంది? సాఫ్ట్‌వేర్‌కి పెట్టే డబ్బు ముందు ర్యామ్‌కి పెట్టండి, ప్రివ్యూ సగం రిజల్యూషన్‌లో చూసుకోండి.

సమస్య: లేయర్లు అరవై దాటాయి, ప్రీకాంప్ (కొన్ని లేయర్లని కలిపి కట్టిన మూట) లోపల ప్రీకాంప్, ఏది మార్చాలన్నా టెన్షన్.

ఇది మాత్రం నిజంగా సాఫ్ట్‌వేర్ మార్చాల్సిన సమస్యే. టైటిల్స్‌కీ మోషన్ గ్రాఫిక్స్‌కీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లేయర్ పద్ధతి హాయిగా ఉంటుంది గానీ, సీజీ పాసులు (కంప్యూటర్ బొమ్మకి విడివిడిగా వచ్చే వెలుగు, నీడ లాంటి పొరలు), కీ, ట్రాకింగ్ (షాట్‌లో కదలికని పట్టుకోవడం) అన్నీ ఒకే షాట్‌లో కలిస్తే న్యూక్ లాంటి నోడ్ పద్ధతే (ఒక్కో పనిని ఒక్కో డబ్బాగా పెట్టి తీగలతో కలిపేది) మేలు, ఎందుకంటే ఏది ఎక్కడినుంచి వస్తోందో తీగ పట్టుకుని వెళ్తే తెలిసిపోతుంది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫ్యూజన్ అనే నోడ్ కాంపోజిటర్ ఉంది, అల్ట్రా హెచ్‌డీ దాకా అవుట్‌పుట్ ఇస్తుంది. మన ఊళ్ళో చిన్న టీముకి నేను మొదట చెప్పేది అదే. న్యూక్ నాన్ కమర్షియల్ వెర్షన్ నేర్చుకోడానికి బంగారం, కానీ డబ్బు తీసుకునే పనికి వాడకూడదు.

సమస్య: మనం పంపిన ప్రాజెక్టు హైదరాబాద్ స్టూడియోలో తెరుచుకోలేదు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టు న్యూక్‌లో తెరుచుకోదు. కొత్త ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మామూలుగా సేవ్ చేసింది పాత దాంట్లోనూ తెరుచుకోదు. అందుకే మొదటి షాట్ ముట్టుకోకముందే వాళ్ళకి ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ కలర్ స్పేస్ (రంగుల ప్రమాణం) అని అడిగి రాసిపెట్టుకోండి, పూర్తయిన షాట్లని ఈఎక్స్‌ఆర్ సీక్వెన్స్‌గా (ఒక్కో ఫ్రేమ్ ఒక్కో బొమ్మ ఫైలుగా) పంపండి.