ర్యాలీ స్కోరు మెయిల్లో ఎలా నడపాలి: ఉదయగిరి దారిలో నేర్చుకున్నవి

నేను ఒంగోలులో జిరాక్సు, నెట్ సెంటర్ నడుపుతాను. మా మరిదికి కార్ల ర్యాలీలంటే ప్రాణం. వాళ్ల జట్టు పెట్టుకునే టీఎస్‌డీ ర్యాలీలకి స్కోరు పని నాది. టీఎస్‌డీ అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. ఇందులో వేగంగా తోలడం గొప్ప కాదు, ఇచ్చిన సగటుతో సరిగ్గా సమయానికి రావడమే లెక్క. 32 కిలోమీటర్లకి గంటకు 40 సగటు ఇస్తే 48 నిమిషాలు పట్టాలి. 10:05:00కి కదిలిన కారు 10:53:00కి కంట్రోల్ దగ్గర, అంటే దారిలో మావాళ్లు కూర్చుని కార్ల సమయం రాసుకునే చోట ఉండాలి. 20 సెకన్లు ఆలస్యమైతే 20 పాయింట్లు పెనాల్టీ. ముందొస్తే మా రూల్లో రెట్టింపు.

నెల్లూరులో మొదలై ఆత్మకూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి మీదుగా ఒంగోలు చేరే దారి మాది. మొదట్లో కంట్రోల్‌లో కూర్చున్నవాళ్లు ఫోన్ చేసి చెప్పేవాళ్లు. గాలి హోరులో ఇరవై మూడు ఇరవై ఆరుగా వినపడేది. మెయిల్‌కి మారాక ఆ బాధ పోయింది. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. సిగ్నల్ లేకపోయినా రాసి పంపేయొచ్చు. అది అవుట్‌బాక్స్‌లో కూర్చుని, సిగ్నల్ అందగానే దానంతటదే పోతుంది.

ఉదయగిరి కొండ దాటాక ఒక కంట్రోల్ నుంచి మరిది ఎలాగో రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేశాడు: "వదినా, పొద్దున్నుంచీ పంపతానే ఉండా, ఒక్కటీ పోలా!" పోకపోయినా ఫర్వాలేదు, రాస్తానే ఉండమన్నాను. అన్నీ కలిసి ఒకేసారి వచ్చిపడ్డాయి, లెక్క ఒక్క సెకను తేడా రాలేదు. ఎందుకంటే మేం మెయిల్ చేరిన సమయాన్ని లెక్కలోకి తీసుకోం. కారు గీత దాటిన సమయం మెయిల్ లోపల అంకెల్లో ఉంటుంది, అదే లెక్క. మీరు ఏది మార్చుకున్నా ఈ ఒక్కటి మార్చొద్దు.

లోపల రాసేది ఒక్కో కారుకి ఒక్కో వరుస, అంకెలు మాత్రమే, మధ్యలో ఖాళీలు. 4 17 10 53 20 1 అంటే నాలుగో కంట్రోల్, 17వ నంబరు కారు, 10 గంటల 53 నిమిషాల 20 సెకన్లు, మొదటిసారి పంపుతున్నది. అక్షరాలు పెడితే ఫోన్ తనే మాటలు దిద్దేస్తుంది. గుర్తులు పెడితే కీబోర్డు మార్చుకోవాలి, ఎండలో చెమట వేళ్లతో అది పెద్ద పని. చివరి అంకె దిద్దుబాటు కోసం. తప్పు రాస్తే అదే వరుస సరిచేసి చివర 2 పెట్టి కొత్త మెయిల్ పంపాలి, పెద్ద అంకె ఉన్నదే చెల్లుతుంది. రిప్లై మాత్రం కొట్టొద్దు, పాత వరుసలన్నీ కింద అంటుకుని మళ్లీ వస్తాయి. ఫోన్ తనంతట తాను కింద చేర్చే సంతకం కూడా ముందే తీసేయించండి.

సబ్జెక్ట్‌లో కంట్రోల్ నంబరు, అది ఎన్నో మెయిలో రాయాలి: 4 7. ఆరోదీ ఎనిమిదోదీ వచ్చి ఏడోది రాకపోతే ఎక్కడో ఆగిందని నాకు వెంటనే తెలుస్తుంది. ఐదు కార్లకో పది నిమిషాలకో, ఏది ముందైతే అప్పుడు ఒక మెయిల్ చాలు. ఫోన్లో బ్యాటరీ సేవర్ ఆపి ఉంచాలి. అది ఆన్‌లో ఉంటే అవుట్‌బాక్స్ కదలకపోవచ్చు.

ఇక గడియారం. సెకనుకో పాయింటు పోయే ఆటలో అసలు ప్రాణం ఇక్కడుంది. ఒకసారి స్కోరు చూస్తూ ఉంటే పామూరు కంట్రోల్‌లో ప్రతి కారూ ఆలస్యమే. ముందు మూడు కంట్రోళ్లలో ఒకటి రెండు సెకన్ల తేడాతో వచ్చినవాళ్లు ఇక్కడ 17, 18, 19. అందరూ ఒకేచోట ఒకేలా తప్పరు కదా. ఫోన్ చేసి, వాళ్ల జీపీఎస్ గడియారాన్ని మొబైల్ టైముతో పోల్చమన్నాను. సరిగ్గా 18 సెకన్లు ముందుంది.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. మన గడియారాలు నడిచే ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు లీప్ సెకన్లు, అంటే భూమి తిరుగుడుతో సరిపోవడానికి ఒక్కో అదనపు సెకను, కలుపుతూ వచ్చారు, జీపీఎస్ సొంత సమయానికి కలపలేదు. 2017 జనవరి నుంచి ఆ తేడా 18 సెకన్లు. ఎంత తీసేయాలో ఉపగ్రహమే చెబుతుంది గానీ, ఆ సందేశం పూర్తిగా అందడానికి 12న్నర నిమిషాలు పట్టొచ్చు. మావాళ్లు చెట్టుకింద కూర్చుని, పరికరం ఆన్ చేసిన మరుక్షణం పని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆరుబయట, ఆకాశం కనపడేచోట, పావుగంట ముందే ఆన్ చేసి పెట్టాలని రూలు పెట్టాం. ఆ రోజు 18 తీసేసి, చివర 2 పెట్టి వరుసలన్నీ మళ్లీ పంపారు. అదే సాయంత్రం కాగితాలు చేతికొచ్చాక చూసుకుని ఉంటే ఎంత గొడవయ్యేదో!

నా వైపు పని తేలికే. ర్యాలీకని విడిగా ఒక జీమెయిల్ ఖాతా, ఒక గూగుల్ షీట్. యాప్స్ స్క్రిప్ట్ అనే గూగుల్ సౌకర్యంలో రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి మెయిళ్లు చదివి వరుసలు షీట్‌లో వేస్తుంది. షీట్‌లో రోజంతా కలిపి 1 కాబట్టి, రెండు సమయాల తేడాని 86400తో గుణిస్తే సెకన్లు వస్తాయి. స్క్రిప్ట్ రాయడం రాకపోతే చేత్తో ఎక్కించినా ముప్పై కార్లకి ఇబ్బంది లేదు.

స్కోరు బయటికి వదలడంలో మాత్రం తొందర వద్దు. కంట్రోళ్లు ఎక్కడున్నాయో కార్లవాళ్లకి ముందే చెప్పం. మొదటి కారు సమయం కనపడగానే వెనకున్నవాళ్లు ఆ చోటు పసిగట్టి సర్దుకుంటారు. అది ముందుపోయినవాళ్లకి అన్యాయం. అందుకే ఆ కంట్రోల్‌ని ఆఖరి కారు దాటాకే దాని అంకెలు అందరూ చూసే లింకులో పెడతాను, పైన 'తాత్కాలికం' అని రాసి. ఇళ్లలోవాళ్లకి అరగంట ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు.

కంట్రోల్‌లో పెన్నుతో రాసిన కాగితం తప్పకుండా ఉండాలి, డ్రైవర్ కార్డు మీదా అదే సమయం వేయాలి. ఒంగోలు చేరాక కాగితాన్నీ షీట్‌నీ ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూస్తాం. తేడా వస్తే కాగితమే నిలుస్తుంది. అభ్యంతరాల గడువు ముగిసేదాకా ఒక్క మెయిల్ కూడా తుడవను. గడువు దాటాక 'తాత్కాలికం' తీసేసి ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను.